ముక్కు అలర్జీ ఉన్నవాళ్లు సిగరెట్, వేప్ మానడం ఎలా

ముక్కు అలర్జీతో పాటు సిగరెట్ గానీ వేప్ (ఈ-సిగరెట్) గానీ అలవాటున్నవాళ్లు మానేసిన మొదటి పది రోజుల్లోనే తరచుగా బోల్తా పడతారు. ముక్కు బాగుపడుతుందని మానేస్తే, కొందరికి కళ్లె, దగ్గు, ముక్కు దిబ్బడ అంతకుముందుకన్నా ఎక్కువవుతాయి. "తాగినప్పుడే నయం" అనుకుని మళ్లీ అంటిస్తారు. దీన్ని తప్పించుకోవాలంటే ఏ పని ముందు, ఏ పని వెనక అన్నది చూసుకోవాలి. ముందు రెండు వారాలు ముక్కుకు సరైన వైద్యం, ఆ తర్వాత మానే రోజు. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే పూర్తిగా పనిచేయడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది, ఆ గడువు అందుకే. వాయిదా వేయడానికి దాన్ని సాకుగా వాడకండి. ఈ రోజే మానేయగలిగితే ఈ రోజే మానండి, ముక్కు వైద్యమూ ఈ రోజే మొదలుపెట్టండి.

ముక్కు లోపల ఏం జరుగుతోంది

ముక్కు లోపలి పొర మీద పలచటి జిగురు పరుచుకుని ఉంటుంది. దాని కింద కంటికి కనపడనంత సన్నని నూగు ఉంటుంది. దాన్నే సిలియా అంటారు. అది క్షణం తీరిక లేకుండా ఊగుతూ జిగురునూ, దానికి అంటుకున్న దుమ్మునూ గొంతు వైపు నెడుతుంది. ఆరోగ్యంగా ఉన్న ముక్కులో ముందు భాగంలో పడిన నలుసు సుమారు 10 నుంచి 20 నిమిషాల్లో గొంతు చేరిపోతుంది, మనకు తెలియకుండానే మింగేస్తాం. సిగరెట్ పొగలో 7,000కు పైగా రసాయనాలున్నాయి. వాటిలో ఎక్రోలిన్, ఫార్మాల్డిహైడ్ లాంటివి ఈ నూగును మందగింపజేస్తాయి. ఊడ్చే చీపురు ఆగితే చెత్త పేరుకున్నట్టు, పుప్పొడి, డస్ట్ మైట్ల (ఇంటి దుమ్ములో ఉండే, కంటికి కనపడని పురుగుల) రెట్ట, బూజు రేణువులు ముక్కులో ఎక్కువసేపు నిలుస్తాయి. పైపెచ్చు పొగ తగిలి పొరలోని కణాల మధ్య బిగువు సడలుతుంది, అలర్జీ కారకాలు లోపలికి దిగడం సులువవుతుంది.

ఇది ఒక నష్టం. రెండోది దీనికి సంబంధం లేకుండా, అలర్జీ లేనివాళ్లకు కూడా జరుగుతుంది. పొగ, నికోటిన్ ముక్కులోని నరాలను నేరుగా రెచ్చగొడతాయి. పొర వాస్తుంది, జిగురు చిక్కబడుతుంది, ముక్కు బిగుసుకుంటుంది. "నాకు పొగ అలర్జీ" అని చాలామంది అంటారు గానీ, పొగ అలర్జీ కారకం కాదు, అది మంట పుట్టించేది. ఈ తేడా పట్టుకోకపోతే మందుల దగ్గర పొరపాటు జరుగుతుంది. అలర్జీ మాత్ర, అలర్జీ వచ్చినప్పుడు ఒంట్లో విడుదలై దురద, తుమ్ములు తెచ్చే హిస్టమిన్‌ను అడ్డుకుంటుంది. పొగ వల్ల వచ్చిన వాపులో హిస్టమిన్ పాత్ర పెద్దగా ఉండదు, కాబట్టి మాత్ర వేసుకున్నా దిబ్బడ దిబ్బడలాగే ఉంటుంది.

రెండూ కలిస్తే మాత్రం ఒకదాన్నొకటి పెంచుతాయి. రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క పుప్పొడి పడనివాళ్లను ముందు ఇతరులు తాగే పొగలో ఉంచి, తర్వాత ముక్కులో ఆ పుప్పొడి వేసి చూశారు. మామూలు గాలి పీల్చిన రోజుతో పోలిస్తే వాళ్ల ముక్కులో ఆ పుప్పొడికి తయారయ్యే ఐజీఈ (అలర్జీని రేపే యాంటీబాడీ), హిస్టమిన్ బాగా పెరిగాయి.

పొగతాగేవాళ్లలో ముక్కు అలర్జీ తక్కువని చెప్పే పరిశీలనలు కొన్ని కనిపిస్తాయి. వాటిని చూసి పొగ కాపాడుతుందనుకోకండి. ముక్కు ముందునుంచీ బాధపెట్టేవాళ్లు ఆ అలవాటు జోలికి పోకపోవడం, పోయినా త్వరగా మానేయడం అలాంటి లెక్కలకు ఒక కారణం.

వేప్ పొగ కాదు కదా అంటారు. నిజమే, అందులో కాలేది లేదు. కానీ ఆ ద్రవంలో ఎక్కువ భాగం ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్. ఈ రెండూ తేమను లాగేసుకుంటాయి. నోరు, గొంతు ఎండడం వేప్ వాడేవాళ్లలో చాలామందికి అనుభవమే. ఆవిరిని ముక్కుతో వదిలే అలవాటుంటే అదే ఎండుదనం ముక్కుకూ వస్తుంది. వేప్‌లో ద్రవాన్ని వేడిచేసే తీగ (కాయిల్) బాగా వేడెక్కినప్పుడు ఈ ద్రవం నుంచే ఫార్మాల్డిహైడ్, ఎక్రోలిన్ పుడతాయి. దాల్చినచెక్క రుచి ఇచ్చే సిన్నమాల్డిహైడ్ నూగు కదలికను నెమ్మదింపజేస్తుందని ప్రయోగశాలలో తేలింది.

మెంథాల్ గురించి విడిగా చెప్పాలి. మెంథాల్ సిగరెట్, పుదీనా రుచి వేప్ పీల్చగానే ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది. అది నిజంగా తెరుచుకోదు. చల్లదనాన్ని గుర్తించే నరాలను మెంథాల్ తట్టడం వల్ల గాలి ఎక్కువ వస్తున్నట్టు మెదడుకు తోస్తుంది. కొలిచి చూస్తే గాలి దారి ముందున్నంతే ఉంటుంది. ముక్కు అలర్జీ ఉన్నవాళ్లు మెంథాల్ రకాలను వదలలేకపోవడానికి ఈ భ్రమ ఒక కారణం కావచ్చు, ముక్కు మూసుకున్నప్పుడల్లా చెయ్యి దానివైపే పోతుంది.

అడుగు 1: రెండు వారాలు రాసుకోండి

ఒక కాగితం చాలు. తుమ్ములు, దురద, నీళ్లలా కారడం, దిబ్బడ, ఈ నాలుగింటికీ రోజుకు రెండుసార్లు 0 నుంచి 3 వరకు మార్కులు వేయండి. 0 అంటే లేదు, 3 అంటే పని చేసుకోనివ్వనంత. మొత్తం 12కి ఎంతో రాయండి. పక్కన ఎన్ని సిగరెట్లు తాగారు, ఎన్నిసార్లు వేప్ తీశారు, ఎక్కడ ఉన్నారు, ఇల్లు ఊడ్చారా, పెంపుడు జంతువు దగ్గరకు వచ్చిందా రాయండి.

వారం తిరిగేసరికి ఒక తీరు కనిపిస్తుంది. వరుస తుమ్ములు, ముక్కులోనూ అంగిట్లోనూ దురద, కళ్లు ఎర్రబడి నీళ్లు కారడం, పలచటి చీమిడి, ఇవి ఒక చోటుకో, కాలానికో, జంతువుకో ముడిపడి ఉంటే అలర్జీ. దురద లేకుండా దిబ్బడ, గొంతులోకి జారే చిక్కటి కళ్లె, పదేపదే గొంతు సవరించుకోవాల్సి రావడం, ఎక్కడున్నా సిగరెట్ తర్వాత ఎక్కువవడం, ఇవి పొగ పని. చాలామంది కాగితం మీద రెండూ కలిసే ఉంటాయి. అప్పుడు రెండింటికీ వైద్యం కావాలి.

అలర్జీ దేనికో తేల్చుకోవాలంటే చర్మం మీద చేసే ప్రిక్ టెస్ట్ గానీ, ఫలానా కారకానికి ప్రత్యేకమైన ఐజీఈ రక్తపరీక్ష గానీ చేయించుకోండి. ప్రిక్ టెస్ట్‌కు ముందు దాదాపు వారం రోజులు సెటిరిజిన్ లాంటి మాత్రలు ఆపాలి, లేకపోతే అలర్జీ ఉన్నా దద్దురు లేవదు. ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే ఆపక్కర్లేదు. రక్తపరీక్షకు ఏ మాత్రా ఆపక్కర్లేదు. మొత్తం ఐజీఈ ఒక్కటే చూసి నిర్ణయానికి రాకండి. పొగతాగేవాళ్లలో అది మామూలుగానే కొంత ఎక్కువ ఉంటుంది.

అడుగు 2: ఉప్పునీటితో కడగండి

నూగు చేయలేని పనిని కొంత నీళ్లతో చేయించడం ఇది. అయోడిన్ కలపని మెత్తటి ఉప్పు 3 టీస్పూన్లు, తినే సోడా 1 టీస్పూన్ కలిపి మూత గట్టిగా ఉన్న సీసాలో పెట్టుకోండి. వాడేటప్పుడు 240 మి.లీ. గోరువెచ్చని నీటిలో ఈ పొడి 1 టీస్పూన్ కలపండి. చురుక్కుమంటే అర టీస్పూన్‌కు తగ్గించండి.

నీళ్ల విషయంలో మాత్రం రాజీ వద్దు. కుళాయి నీళ్లు నేరుగా ముక్కులోకి పోయకూడదు. అరుదే అయినా, నైగ్లేరియా అనే అమీబా ముక్కు ద్వారా మెదడుకెక్కితే ప్రాణాలు దక్కడం కష్టం. తాగితే ఏమీ చేయని నీళ్లు ముక్కులోకి వెళితే చేటు చేయవచ్చు. నీళ్లు తెర్లడం మొదలయ్యాక కనీసం ఒక నిమిషం మరగనిచ్చి, మూతపెట్టి చల్లార్చి వాడండి. డిస్టిల్డ్ వాటర్ అయినా సరే. కడిగే సీసాను ప్రతిసారీ శుభ్రంచేసి, తలకిందులుగా ఆరబెట్టండి.

సింకు మీదికి వంగి, తల ఒక పక్కకు తిప్పి, నోటితో గాలి పీలుస్తూ పై ముక్కురంధ్రంలో మెల్లగా వదలండి. నీళ్లు రెండో రంధ్రం నుంచో నోట్లోంచో వస్తాయి. ఒక పక్కకు సగం, ఇంకో పక్కకు సగం. ముక్కు పూర్తిగా మూసుకుపోయి ఉంటే బలవంతంగా తోయకండి, నీళ్లు చెవి వైపు పోతాయి. చెవి దిబ్బడ వేసిందంటే సీసా గట్టిగా నొక్కారనో, కడిగాక గట్టిగా చీదారనో అర్థం. మంట పుడితే ఉప్పు పాళ్లు తప్పి ఉంటాయి, లేదా నీళ్లు మరీ చల్లగా ఉండి ఉంటాయి. గంట తర్వాత వంగినప్పుడు నీళ్లు కారితే కంగారు పడక్కర్లేదు. కడిగాక ముందుకు వంగి తల అటూ ఇటూ తిప్పితే అవి అప్పుడే దిగిపోతాయి.

రోజుకు ఒకసారి చాలు. పుప్పొడి కాలంలో రెండుసార్లు.

అడుగు 3: స్ప్రే సరిగ్గా కొట్టుకోండి

దిబ్బడకు బాగా పనిచేసేది ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ లాంటి స్టెరాయిడ్ స్ప్రే. పెద్దవాళ్లకు మామూలుగా ఒక్కో రంధ్రంలో రెండేసి స్ప్రేలు, రోజుకు ఒకసారి. అదుపులోకి వచ్చాక ఒక్కొక్కటికి తగ్గిస్తారు. ముక్కుకు ఈ మధ్య ఆపరేషన్ అయినవాళ్లు, గ్లాకోమా ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ను అడగాలి. "స్ప్రే నాకు పనిచేయలేదు" అనేవాళ్లలో చాలామంది కొట్టుకునే పద్ధతి తప్పు, లేదా మూడు రోజులకే ఆపేసి ఉంటారు.

ఉప్పునీటితో కడిగి, పది పదిహేను నిమిషాలు ఆగి, మెల్లగా చీదండి. కొత్త సీసా అయితే సన్నటి తుంపర వచ్చేవరకు గాలిలోకి కొట్టండి. తల వెనక్కి వాల్చకండి, కొద్దిగా ముందుకు వంచండి. ఎడమ రంధ్రానికి కుడిచెయ్యి, కుడి రంధ్రానికి ఎడమచెయ్యి వాడండి. అలా చేస్తే స్ప్రే సీసా మూతి దానంతటదే ముక్కు మధ్యగోడకు ఎడంగా, అదే వైపు కన్ను బయటి కొస దిక్కుకు తిరుగుతుంది. పూవు వాసన చూసినంత మెల్లగా పీల్చండి. గట్టిగా పీలిస్తే మందు గొంతులోకి జారుతుంది. గొంతులో చేదు తగిలిందంటే ఆ మోతాదు చాలావరకు వృథా అయినట్టే. మధ్యగోడకు కొడుతూ పోతే అక్కడ పొక్కు కట్టి నెత్తురు వస్తుంది. పొగ వల్ల ముందే ఎండి ఉన్న ముక్కులో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది.

ఇంకా మానని ఈ రెండు వారాల్లో స్ప్రేకు మంచి వేళ రాత్రి. రోజులో చివరి సిగరెట్ అయిపోయి, పళ్లు తోముకున్నాక ముక్కు కడిగి స్ప్రే కొట్టుకుని పడుకోండి. ఆ తర్వాత ఏడెనిమిది గంటలు పొగ తగలదు. వెలిగించాలనిపిస్తే స్ప్రే కొట్టుకున్న సంగతే అడ్డు చెబుతుంది.

దురద, తుమ్ములు మిగిలితే సెటిరిజిన్ 10 మి.గ్రా. లేదా లోరటడిన్ 10 మి.గ్రా. రోజుకొకటి తోడవుతుంది. సెటిరిజిన్ కొందరికి మత్తునిస్తుంది, బండి నడిపేవాళ్లు రాత్రిపూట వేసుకోవడం మేలు. మూత్రపిండాల జబ్బు ఉంటే మోతాదు తగ్గాలి.

ఆక్సీమెటజొలిన్, జైలోమెటజొలిన్ చుక్కలతో జాగ్రత్త. నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి, అందుకే వదలబుద్ధి కాదు. మూడు రోజులు, మహా అయితే అయిదు. అంతకు మించితే మందు దిగగానే ముక్కు మునుపటికన్నా గట్టిగా మూసుకుంటుంది, మళ్లీ చుక్కలు వేయాల్సి వస్తుంది. సిగరెట్ మానబోయి ఇంకో బానిసత్వం తెచ్చుకోకండి.

అడుగు 4: ముక్కుకు సరిపడే సాయంతో మానండి

రెండు వారాలకు మార్కులు కొంతైనా దిగుతాయి. అంతగా దిగకపోయినా అనుకున్న రోజున మానండి. పొగ ఉన్నంతవరకు కొన్ని మార్కులు దిగవు.

నికోటిన్ ప్యాచ్, గమ్, చప్పరించే బిళ్ల, నేజల్ స్ప్రే, వరెనిక్లిన్ మాత్రలు అన్నీ పొగ మానడానికి సాయపడేవే. అలర్జీ ముక్కు ఉన్నవాళ్లకు వీటిలో నికోటిన్ నేజల్ స్ప్రే తగదు. అది ముక్కు పొరను మండిస్తుంది, అలర్జీ, సైనసైటిస్, ముక్కులో పాలిప్స్ (మెత్తటి కండ పెరుగుదలలు) ఉన్నవాళ్లకు వద్దని దాని సూచనల్లోనే ఉంటుంది. ముక్కు మూసుకున్నప్పుడు నోరు మూసి గమ్ నమలడం ఊపిరాడనట్టుంటుంది, కాబట్టి ప్యాచ్‌ను ఆధారం చేసుకోవడం మంచిది. రోజుకు 10 కన్నా ఎక్కువ సిగరెట్లు తాగేవాళ్లకు సాధారణంగా 21 మి.గ్రా. ఆరు వారాలు, 14 మి.గ్రా. రెండు వారాలు, 7 మి.గ్రా. రెండు వారాలు. అంతకన్నా తక్కువ తాగేవాళ్లు 14తో మొదలుపెడతారు. తామర లాంటి చర్మ అలర్జీ కూడా ఉంటే జిగురుకు చర్మం ఎర్రబడవచ్చు. రోజూ చోటు మార్చండి, వాడిన చోట వారం దాకా మళ్లీ వేయకండి. నిద్ర పాడైతే రాత్రి తీసేయండి. గుండెజబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టకూడదు.

ఉన్నట్టుండి తాగాలనిపిస్తే నమలడానికి నికోటిన్ గమ్ దగ్గరుంచుకోండి. లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించేవాళ్లకు 4 మి.గ్రా., లేకపోతే 2 మి.గ్రా. మెల్లగా నమిలి, నాలుక చురుక్కుమనగానే చెంప పక్కన పెట్టాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. మామూలు గమ్‌లా ఆపకుండా నమిలితే నికోటిన్ కడుపులోకి పోయి వెక్కిళ్లు, గొంతుమంట తెస్తుంది.

సిగరెట్ వదిలి వేప్‌కు మారితే కాలిన పొగ విషాలు తగ్గుతాయి గానీ, ముక్కు ఎండుదనం, రుచుల మంట ఉండిపోతాయి. అన్నిటికన్నా అధ్వానం రెండూ కలిపి తాగడం. ఇప్పటికే వేప్ మీద ఉన్నవాళ్లు ముందు ముక్కుతో వదలడం మానండి, మెంథాల్, దాల్చినచెక్క రుచులు వదిలేయండి, తర్వాత నికోటిన్ పాళ్లు రెండు మూడు వారాలకో మెట్టు దించండి. దించినప్పుడు తెలియకుండానే ఎక్కువసార్లు పీలుస్తారు. అందుకే రోజుకు ఎంత ద్రవం ఖర్చవుతోందో మి.లీ.లలో రాసుకోండి. ఆ అంకె పెరుగుతుంటే దించినట్టు కాదు. సిగరెట్ల సంఖ్య తగ్గించేవాళ్లదీ ఇదే కథ, తక్కువ సిగరెట్లనే లోతుగా, చివరిదాకా పీలుస్తారు.

మొదటి నెల

నికోటిన్ లేని చిరాకు రెండు మూడు రోజులకు పతాకస్థాయికి చేరి, రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటుంది. ఈలోగా నూగు మళ్లీ కదలడం మొదలుపెడుతుంది. ఇన్నాళ్లూ కదలని కళ్లె ఇప్పుడు కదులుతుంది కాబట్టి దగ్గు, గొంతులో జారుడు కొద్ది వారాలు ఎక్కువ కావచ్చు. ఇది అలర్జీ ముదరడం కాదు. దురద, తుమ్ముల మార్కులు పెరగకుండా కళ్లె ఒక్కటే పెరిగిందా అని మీ కాగితం చూడండి. అలా ఉంటే కడగడం, స్ప్రే ఆపకుండా కొనసాగించండి.

ఈ నెలలో మందుల విషయంలో రెండు సంగతులు. పొగలోని పదార్థాలు కాలేయం కొన్ని మందులను త్వరగా కరిగించేలా చేస్తాయి. మానగానే ఆ వేగం పడిపోతుంది. ఆస్తమాకు థియోఫిలిన్ వాడుతుంటే రక్తంలో దాని మోతాదు పెరిగిపోతుంది, మానబోయే ముందే డాక్టర్‌కు చెప్పాలి. కెఫీన్‌ కూడా అంతే, ముందు తాగినంత కాఫీకే ఇప్పుడు గుండెదడ, నిద్రలేమి వస్తాయి. సగానికి తగ్గించండి. రెండోది, అలర్జీకి మాంటెలుకాస్ట్ వాడేవాళ్లలో కొందరికి దిగులు, పీడకలలు, చిరాకు వస్తాయి. నికోటిన్ మానిన చిరాకు కూడా అలాగే ఉంటుంది. అది ఏ కోవలోదో మీరే తేల్చుకోబోకండి. మనసు బాగా కుంగితే ఆ రోజే డాక్టర్‌తో మాట్లాడండి.

ఇంట్లో ఇంకొకరు తాగుతుంటే

కిటికీ దగ్గర తాగితే చాలదు. పొగ గదిలో గంటల తరబడి ఉంటుంది, పరదాలకు, పరుపుకు, బట్టలకు పట్టి తర్వాత కూడా వాసనగా వస్తూనే ఉంటుంది. గాలిని శుభ్రం చేసే యంత్రాల్లోని హెపా ఫిల్టర్ రేణువులను పడుతుంది, వాయువులను పట్టలేదు. ఇల్లు, కారు రెండూ పూర్తిగా పొగలేనివి కావడమే మార్గం. మానిన వారంలోనే పరదాలు, దుప్పట్లు, దిండు గలీబులు ఉతికేయండి. 60 డిగ్రీల వేడినీటిలో ఉతికితే డస్ట్ మైట్లూ చస్తాయి.

ఇంటి వైద్యం ఆపి డాక్టర్ దగ్గరకు వెళ్లాల్సినవి

ఒకే పక్క ముక్కు వారాల తరబడి మూసుకుపోవడం, ఒకే పక్కనుంచి నెత్తురు కలిసిన చీమిడి, బుగ్గ మొద్దుబారడం, మెడలో గడ్డ, చూపు మారడం, వీటిని పొగతాగినవాళ్లు అలర్జీ ఖాతాలో వేయకూడదు. ఈఎన్‌టీ డాక్టర్ లోపల కెమెరా పెట్టి చూడాలి. వంగినప్పుడు ఒకే రంధ్రం నుంచి ఉప్పగా, నీళ్లలా ధారగా కారితే, ముఖ్యంగా తలకు దెబ్బ తగిలాక, వెంటనే వెళ్లాలి. అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు. పిల్లికూతలు, రాత్రి దగ్గు, ఆయాసం ఉంటే ఆస్తమా పరీక్ష చేయించండి. ముక్కు అలర్జీ, ఆస్తమా కలిసి ఉండడం మామూలు. పొగతాగేవాళ్లలో ఆస్తమాకు పీల్చే స్టెరాయిడ్ తక్కువగా పనిచేస్తుంది.

మానిన ఆరు వారాలకు

మళ్లీ ఒక వారం మార్కులు వేసి, మొదటి కాగితం పక్కన పెట్టి చూడండి. దిబ్బడ, కళ్లె తగ్గి, దురద, తుమ్ములు అలాగే ఉంటే ఇక మిగిలింది అలర్జీ. పరీక్షలో తేలిన కారకానికి ఇమ్యునోథెరపీ (ఆ కారకాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసే వైద్యం) పనికొస్తుందేమో అడగవలసిన సమయం ఇది. దాన్ని సాధారణంగా కనీసం మూడేళ్లు తీసుకోవాలి. నాలుగు మార్కులూ తగ్గి ఉంటే స్ప్రేను ఒక్కో రంధ్రంలో ఒక్కదానికి దించి ఇంకో నెల చూడండి. ఏవీ తగ్గకపోతే ముందు స్ప్రే పద్ధతి సరిచూసుకోండి, చుక్కల మందు ఇంకా దిండు కింద ఉందేమో చూడండి, ఆ తర్వాతే మందు మార్చమని అడగండి.